హైదరాబాద్ చుట్టూ గుట్టా చెట్టూ చెరువూ: మియాపూర్ నుంచి ఎక్కడికి, ఎప్పుడు వెళ్లాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కోనసీమ నుంచి వచ్చి ఏడాదిన్నర అయింది, మియాపూర్‌లో ఫ్లాటు, పదేళ్ల పాప, ఆరేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు. ఆదివారం వస్తే మాల్, లేదంటే సినిమా. "ఈ ఊళ్లో రాళ్లూ ముళ్లకంపలూ తప్ప పచ్చదనం లేదు, పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే చోట్లు ఏమైనా ఉన్నాయా" అని అడిగారు.

నేను బ్యాంకులో చేసి రిటైరైన మనిషిని. మాది నల్లగొండ వైపు. ఈ ఊరొచ్చి ముప్ఫై నాలుగేళ్లు. అందులో ఇరవై ఏళ్లకు పైగా ఆదివారం పొద్దున్నే బైనాక్యులర్స్ మెడలో వేసుకుని ఊరి చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. అందుకని సమాధానం కొంచెం పెద్దదే అవుతుంది. టీ పెట్టుకుని కూర్చోండి.

ముందు మీతో చిన్న పేచీ. మీరు తీసిపారేసిన ఆ రాళ్లూ ముళ్లకంపలే ఇక్కడి అసలు ప్రకృతి. గోదావరి పక్కన పెరిగిన కంటికి పచ్చదనం అంటే కొబ్బరితోట, కాలవ, వరిచేను. అది నీళ్లు తెచ్చిపెట్టిన పచ్చదనం. దక్కన్ పీఠభూమి మీద నిలబడి దాన్ని వెతికితే నిరాశే మిగులుతుంది. ఇక్కడి నేలను గుట్ట, కంచ, చెరువు, అడవి అని నాలుగు ముక్కలుగా చూడండి. ఊరి పేర్లలోనే ఇవన్నీ ఉన్నాయి. మాసబ్ ట్యాంక్‌లో ట్యాంకు పోయింది గానీ పేరు మిగిలింది.

వీటిలో ఎవరికీ అర్థం కానిది కంచ. పంట పండని ఎర్రనేల, మోకాలెత్తు గడ్డి, తంగేడు పొదలు, అక్కడక్కడ తుమ్మ, ఈత, సీతాఫలం. పశువులు మేసే బీడు. మా తాత గొర్లు కాసింది అలాంటి కంచలోనే. చూసేవాళ్లకు ప్లాట్లు వేయడానికి ఖాళీగా ఉన్న జాగాలా కనిపిస్తుంది. కానీ కౌజుపిట్ట, నక్క, ఉడుము, నెమలి, కృష్ణజింక ఉండేది అలాంటి నేలలోనే. 2025లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగి చెట్లు పడగొడుతుంటే ఏప్రిల్ మొదట్లో సుప్రీంకోర్టు ఆపించింది, గుర్తుండే ఉంటుంది. అక్కడ ఏముందని ఇంత గొడవ అని మా కాలనీలో చాలామంది నన్ను అడిగారు. ఏముందో చూడాలంటే వానాకాలం చివర్లో ఏదైనా కంచలో ఓ గంట కూర్చోవాలి, చెబితే తెలిసేది కాదు.

ఇక చోట్ల సంగతి. మీ ఇంటికి దగ్గరున్నదానితోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది మీ పక్కనే ఉండి మీకు తెలియదని ప్రశ్న చదవగానే అర్థమైంది.

అమీన్‌పూర్ చెరువు. మియాపూర్ నుంచి బండి మీద వెళ్లొచ్చు. ఆదివారం పొద్దున ఆరింటికైతే ట్రాఫిక్కే ఉండదు. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో ఆ గుర్తింపు వచ్చిన మొదటి నీటివనరు ఇదే. ఇప్పుడు దాని చుట్టూ అపార్టుమెంట్లు, ఒకవైపు మట్టి దిబ్బలు, చూడగానే "దీనికా ఇంత పేరు" అనిపిస్తుంది. తొందరపడి తిరిగి వచ్చేయకండి. ఇప్పుడు నవంబరు. చలికాలం బాతులు దిగే రోజులు. పార లాంటి వెడల్పు ముక్కుతో నీళ్లను జల్లెడ పడుతూ గుండ్రంగా తిరిగేది షోవెలర్. తోక సూదిలా ఉన్నది పిన్‌టెయిల్. ఇవి హిమాలయాల అవతలి నుంచి వస్తాయి. మన దగ్గరే ఉండే ఎర్రకాళ్ల కొంగలు, నత్తలు ఏరుకునే నత్తగుల్ల కొంగలు, గూడబాతులు, నల్లా తెల్లా మచ్చల లకుముకి పిట్ట సరేసరి. లకుముకి నీటి మీద గాల్లో ఒకే చోట రెక్కలాడిస్తూ నిలబడి, గురి చూసి దబ్బున దూకుతుంది. మీ బాబుకి అదొక్కటి చూపిస్తే చాలు. కొన్నేళ్లు ఫ్లెమింగోలు కూడా వస్తాయి. వచ్చిన రోజున కట్ట మీద కెమెరాల గుంపు చూసి మీకే తెలిసిపోతుంది.

అక్కడ రెండు జాగ్రత్తలు. వీధికుక్కలు గుంపులుగా ఉంటాయి, పిల్లల్ని ముందు పరుగెత్తనివ్వొద్దు. ఒక చేతికర్ర ఉంటే మంచిది, కొట్టడానికి కాదు, చేతిలో ఉంటే చాలు. రెండోది, ఒడ్డున బురద గట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది, కాలు పెడితే మోకాలి దాకా దిగుతుంది. నా చెప్పు ఒకటి ఇప్పటికీ అక్కడే ఉంది.

తర్వాత జాతీయ పార్కులు. చాలామందికి తెలియని సంగతి, తెలంగాణలో ఉన్న మూడు జాతీయ పార్కులూ హైదరాబాద్‌ను అంటిపెట్టుకునే ఉన్నాయి. కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి. జాతీయ పార్కు అనగానే జీపు సఫారీ, పులి ఊహించుకోకండి. మొదటిది జూబ్లీహిల్స్ నడిమధ్య ఉంది.

కేబీఆర్ పార్కు పూర్తి పేరు కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ పార్కు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రి పేరు పెట్టారు. సుమారు 390 ఎకరాలు. 1998లో జాతీయ పార్కు అయింది. అంతకుముందు నిజాం వారసుడు ముకర్రం జా ఆస్తి, చిరాన్ ప్యాలెస్ ఇప్పటికీ లోపలే ఉంది. పొద్దున్నే వెళితే సగం ఊరి పెద్దమనుషులు షార్టులేసుకుని రాజకీయాలు, షేర్లు మాట్లాడుకుంటూ ఎదురొస్తారు. వాళ్లను దాటుకుని లోపలి దారి పట్టండి. నెమళ్లు మనుషులకు ఎంత అలవాటు పడ్డాయంటే దారి కూడా ఇవ్వవు. మియాపూర్ నుంచి మెట్రోలో అమీర్‌పేట దాకా వచ్చి, అక్కడ రాయదుర్గం వైపు రైలు మారి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో దిగితే సరిపోతుంది. అత్తగారికి అయితే ఇక్కడికంటే కొత్తగూడ బొటానికల్ గార్డెన్ మేలు. మీకు దగ్గర, దారులు సమంగా ఉంటాయి, కూర్చోడానికి బెంచీలున్నాయి, పిల్లలు ఆడుకోవచ్చు, రాళ్లూ నీటి గుంటలూ చెట్లూ అన్నీ కొంచెం కొంచెం ఉంటాయి.

వనస్థలిపురం దగ్గర హరిణ వనస్థలి నాకు ప్రాణం. విజయవాడ హైవే మీద వెళ్తూ ఆ పొడవాటి కంచెను లక్షసార్లు చూసుంటారు, లోపలికి వెళ్లినవాళ్లు తక్కువ. ఆ వాడకు వనస్థలిపురం అని పేరొచ్చింది దీనివల్లే. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి. 1975లో, మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరాన్ని పురస్కరించుకుని ఆ పేరు పెట్టారు. 14 చదరపు కిలోమీటర్లకు పైనే ఉంటుంది, అంటే కేబీఆర్‌కు తొమ్మిది రెట్లు పైమాటే. ఇక్కడ చూడాల్సింది కృష్ణజింక. మగది పైన నల్లగా, కడుపు తెల్లగా, కొమ్ములు మెలితిప్పిన తాడులా ఉంటాయి. ఆడవి గోధుమరంగు, కొమ్ములుండవు. బెదిరినప్పుడు నిలబడ్డ చోటి నుంచే స్ప్రింగులా గాల్లోకి లేస్తాయి. ఇవి దట్టమైన అడవిలో బతకవు. శత్రువు దూరం నుంచే కనిపించాలి, పరుగెత్తడానికి చోటుండాలి, అందుకే గడ్డినేల కావాలి. మనవాళ్లకు ఖాళీ నేల కనిపిస్తే మొక్కలు నాటాలని చేతులు దురద పెడతాయి. గడ్డినేలను చెట్లతో నింపితే కృష్ణజింక ఇల్లు తీసేసినట్టే. హరితహారం పేరుతో మొక్కలు నాటడం మంచిదే, కానీ ఎక్కడ నాటుతున్నామో చూసుకోవాలి. ఈ మాటన్నందుకు ఒక వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు, అది వేరే కథ.

మీకు ఇంకో సుఖం ఉంది. మెట్రో ఎర్ర లైను మియాపూర్‌లో మొదలై ఎల్బీనగర్‌లో ఆగుతుంది. మీరు ఎక్కేది ఈ చివర, దిగేది ఆ చివర, అక్కడి నుంచి ఆటో. కారు తీయాల్సిన పనే లేదు. గేటు వేళలు, టిక్కెట్లు, లోపల తిప్పే వ్యాను సంగతి వెళ్లే ముందు ఫోన్ చేసి కనుక్కోండి, ఇవి మారుతుంటాయి.

మృగవని చిలుకూరులో ఉంది, బాలాజీ గుడికి దగ్గర. వీసా కోసం ప్రదక్షిణలు చేసేవాళ్లలో నూటికి ఒక్కరు కూడా పక్కనున్న ఈ అడవిలోకి తొంగిచూడరు. మీరు ఎటూ గుడికి వెళ్తారు గదా, రెండూ కలిపి పెట్టుకోండి. చుక్కల జింకలు, కణుజులు ఉన్నాయి. ఎండెక్కితే ఏమీ కనబడవు.

ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర్లో అటవీశాఖ వాళ్లు చాలా అర్బన్ పార్కులు తెరిచారు. మేడ్చల్ దారిలో కండ్లకోయ ఆక్సిజన్ పార్కు అందులో ఒకటి. కంకర దారి, ఓపెన్ జిమ్ము, ఫొటోలకు బొమ్మలు. నాకు పెద్దగా నచ్చవు, కానీ ఆరేళ్ల పిల్లాడికి తొలి పాఠానికి ఫర్వాలేదు.

ఇప్పుడు రాళ్ల దగ్గరికొద్దాం, మీరు ముఖం చిట్లించింది వాటిని చూసే కదా. హైదరాబాద్ నిలబడ్డ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. హిమాలయాలు దాని ముందు నిన్న పుట్టిన పిల్లలు. భూమి లోపల ద్రవంగా ఉన్నది నెమ్మదిగా చల్లారి గట్టిపడింది. పైనున్న మట్టి, రాతి పొరలు కోట్ల ఏళ్లలో అరిగిపోయి ఇది బయటపడింది. పైబరువు తగ్గాక నిలువునా అడ్డంగా పగుళ్లు పడ్డాయి. ఆ పగుళ్లలోకి నీరు దిగి, మూలలు ముందు అరిగి, ఉల్లిపాయ పొరల్లా ఒలిచి ఒలిచి చివరికి గుండ్రటి బండలు మిగిలాయి. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుంటాయి కదా, ఎవరూ పేర్చలేదు. అన్నీ ఒకే రాయి, చుట్టూ ఉన్నది అరిగిపోయి అవి అక్కడే నిలబడిపోయాయి. మీ పాపకి ఇది చెప్పి, ఒక బండ చూపించి, పగులు ఎక్కడ మొదలైందో వెతకమనండి. ఓ గంట మీ జోలికి రాదు.

ఖాజాగూడ గుట్టలు ఇందుకు మంచి చోటు, అవి మిగిలి ఉన్నన్నాళ్లూ. శిల్పారామంలో ఎలుగుబంటి ముక్కు అనే రాయి, సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో పుట్టగొడుగు రాయి కూడా ఉన్నాయి. ఊరి రాళ్లను కాపాడాలని 1996లో ఒక సొసైటీ పెట్టారు, సొసైటీ టు సేవ్ రాక్స్. నెలనెలా జనాన్ని వెంటబెట్టుకుని రాళ్ల దగ్గరికి నడిపిస్తారు. కొత్తవాళ్లు అలా గుంపుతో వెళ్లడమే నయం. బండల మీద ఎక్కేటప్పుడు రెండు సంగతులు మరవొద్దు. ఒకటి, పెద్ద బండల కింద, పక్కన వేలాడే పెరతేనె పట్లు. మా గుంపులో ఒకాయన కింద నిలబడి సిగరెట్ వెలిగించాడు. పొగ పైకెళ్లింది. ఆ తర్వాత మేము ఏ దారిన దిగామో ఎవరికీ గుర్తులేదు. ఆయన్ను తేనెటీగలు ముప్ఫైకి పైగా చోట్ల కుట్టాయి, రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. సెంటు, అగరబత్తి, పొగ, డ్రోన్ ఏవీ వద్దు. రెండోది, క్వారీ గుంతలు. నీలంగా, చక్కగా ఉంటాయి, ఫొటోలు బాగా వస్తాయి. మెట్లుండవు, అంచు దాటితే లోతే. ఈతొచ్చిన కుర్రాళ్లే ఏటా పోతున్నారు. పిల్లలతో వాటి దగ్గరికి వెళ్లనే వెళ్లకండి.

నా మనసులో ఎప్పటినుంచో ఉన్న ఒక పథకం చెబుతాను. మీరు నది పక్కనుంచి వచ్చారు కాబట్టి మీకు నచ్చొచ్చు. మూసీని మూడు ఆదివారాలు వెంబడించండి. మూసీ అంటే మీకు తెలిసింది ముక్కు మూసుకుని దాటే వంతెన. పుట్టిన చోట అలా ఉండదు.

మొదటి ఆదివారం వికారాబాద్ అనంతగిరి. మీకు గంటన్నర, రెండు గంటల దారి. అనంత పద్మనాభస్వామి గుడి, దాని కింద కోనేరు, చుట్టూ అడవి. మూసీ ఆ కొండల్లోనే పుడుతుంది. వానాకాలంలో మబ్బులు చెట్ల మీదికి దిగుతాయి. అత్తగారికి గుడి, మీకు అడవి, పిల్లలకు కోతులు. అయితే జూలై, ఆగస్టు ఆదివారాల్లో మాత్రం వెళ్లకండి. ఓసారి వెళ్లి ఘాట్ మీద మూడు గంటలు కార్ల వరుసలో ఇరుక్కుపోయాం. వెనక కారు వాళ్లు స్పీకర్లు దింపి డాన్సు చేశారు. చుట్టుపక్కల ఒక "నేచర్ క్యాంప్"లో గది తీసుకుంటే రాత్రి పన్నెండు దాకా డీజే. మామూలు రోజున సెలవు పెట్టి వెళ్లండి, లేదంటే సెప్టెంబరు చివర్లో. అక్కడికి దగ్గర్లోనే దామగుండం అడవి ఉంది. అందులో 2,900 ఎకరాల్లో నౌకాదళం రేడియో సమాచార కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. అటువైపు దారులు ఇకముందు మనకు ఎంత మిగులుతాయో చూడాలి.

రెండో ఆదివారం గండిపేట. అంటే ఉస్మాన్ సాగర్. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరిని ముంచేసింది. అఫ్జల్‌గంజ్ దగ్గర ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని చెబుతారు. ఆ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఎగువన నీటిని ఆపితే తప్ప ఊరు నిలవదని ఆయన చెప్పాడు. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టినవి దశాబ్దాల పాటు ఊరికి మంచినీళ్లిచ్చాయి. వాటిని కాపాడటానికే 1996లో 111 జీవో తెచ్చారు. చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో 84 ఊళ్లలో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. అది ఉండాలా పోవాలా అన్న గొడవ మీరు పేపర్లో చదివే ఉంటారు. నాకు మాత్రం సందేహం లేదు, ఉండాల్సిందే. కట్ట మీద నిలబడి ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు టవర్లు చూస్తే ఎవరి పక్షాన ఉండాలో వెంటనే తేలిపోతుంది. చలికాలంలో నీరు వెనక్కి తగ్గిన మట్టి మీద ఉల్లంకి పిట్టలు, రకరకాల నీటి పిట్టలు బురద పొడుచుకుంటూ తిరుగుతుంటాయి.

మూడో ఆదివారం పాత ఊరు. ఆ చింతచెట్టు చూపించి, నయాపూల్ వంతెన మీద నిలబెట్టి పిల్లలకు ఇదే ఆ నది అని చెప్పండి. ఓపికుంటే ఇంకో రోజు వాడపల్లి దాకా వెళ్లి, మూసీ కృష్ణలో కలిసే చోటు చూసి రండి. అక్కడ మా నల్లగొండ చేపల పులుసు దొరుకుతుంది.

ఇవన్నీ అయ్యాక ముంబై హైవే. సంగారెడ్డి దాటాక మంజీర అభయారణ్యం, మీకు గంటకు కొంచెం ఎక్కువ. 1978లో ప్రకటించారు, 20 చదరపు కిలోమీటర్లు. ఊరికి మంజీర నీళ్లు వచ్చే చోట్లలో ఇక్కడి బ్యారేజీ ఒకటి, కుళాయి నీళ్ల అడ్రసు ఒకటి పిల్లలకు చూపించవచ్చు. అసలు ఆకర్షణ మొసళ్లు. జూలో గోడ వెనక కాదు, నదిలో. జనవరి చలి పొద్దున్న ఎండ కాగడానికి నీటి మధ్యనున్న బండల మీదికి, గడ్డల మీదికి ఎక్కి నోరు తెరుచుకుని పడుకుంటాయి. నోరు తెరవడం కోపం కాదు, ఒంటి వేడి సర్దుకోవడం. తొమ్మిదిలోపు వెళ్లాలి. బార్ హెడెడ్ గూస్ అనే పెద్దబాతులు, ఇవీ హిమాలయాలను దాటి వచ్చేవే, చలికాలంలో ఇక్కడ దిగుతాయి. తల వెనక రెండు నల్లచారలుంటే అవే. నీటి అంచుకు పిల్లల్ని పంపొద్దని చెప్పనక్కర్లేదు కదా.

అదే రోజు తిరుగు దారిలో నర్సాపూర్ అడవి మీదుగా రావచ్చు. టేకు, తునికి, మోదుగ చెట్ల మధ్య రోడ్డు. కోతులకు ఏమీ పెట్టకండి. అరటిపండు విసిరేవాళ్ల వల్ల అవి రోడ్డు మీదికి వచ్చి బండ్ల కింద పడుతున్నాయి. మెదక్ దగ్గర పోచారం కూడా మంచిదే, పాత చెరువు, జింకలు. కానీ ఒక్క రోజులో మెదక్ చర్చి, పోచారం రెండూ చూడాలంటే పిల్లలు అలిసిపోతారు.

పెద్ద అడవి చూడాలంటే నల్లమల, అమ్రాబాద్ పులుల అభయారణ్యం. శ్రీశైలం రోడ్డులో మన్ననూరు సుమారు 140 కిలోమీటర్లు, ఒక రాత్రి ఉండాల్సిందే. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవిలోంచి వాహనాలు వదలరు, ఆ లెక్కన బయల్దేరండి. లేదంటే చెక్‌పోస్టు దగ్గర కారులో పడుకోవాలి, నాకు ఆ అనుభవం కూడా ఉంది. ఫర్హాబాద్ సఫారీలో పులి కనబడుతుందన్న ఆశ పెట్టుకోకండి. కనిపిస్తే అదృష్టం. చెంచు గైడ్ దొరికితే మాత్రం వదలకండి. మనకు ఒట్టి మట్టి కనిపించే చోట వాళ్లకు రాత్రి ఎవరు నడిచారో, ఎటు వెళ్లారో కనిపిస్తుంది. మా గైడ్ ఒక చెట్టు బెరడు మీది గీతలు చూపించి, ఎలుగుబంటి తేనె కోసం ఎక్కి ఏమీ దొరక్క దిగిపోయిందని చెప్పాడు. ఏమీ దొరకలేదని ఎలా తెలుసన్నాను. దొరికితే దిగేటప్పుడు ఇంత తొందరపడదు సార్ అన్నాడు.

మీరు అడగలేదు గానీ, చోటు కంటే కాలమే ముఖ్యం. పది చోట్లు ఒక్కోసారి చూడటం కంటే ఒకే కంచకో చెరువుకో ఏడాదిలో పదిసార్లు వెళ్లడం నయం. జూన్‌లో మొదటి వాన పడ్డ మర్నాడు ఎర్రనేల మీద ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. ఎర్ర మఖమల్ బొట్టులా ఉంటాయి, పిల్లలు అరచేతిలో పెట్టుకుని చూసి మళ్లీ వదిలేయొచ్చు. చాతక పక్షి వచ్చేదీ అప్పుడే. జూలై, ఆగస్టుల్లో ఈతచెట్లకు, తుమ్మలకు గిజిగాళ్లు గూళ్లల్లుతాయి. సగం అల్లి వదిలేసిన గూడు కనిపిస్తే ఆడపిట్టకు నచ్చలేదని అర్థం. సెప్టెంబరు, అక్టోబరుల్లో కంచలన్నీ గునుగు, తంగేడు. బతుకమ్మకు పూలు ఎక్కడి నుంచి వస్తాయో బజారులో కొనే పిల్లలకు తెలియదు, ఒక్కసారి తీసుకెళ్లి కోయించండి. దసరా నాడు పాలపిట్టను చూడాలంటారు, అది తెలంగాణ రాష్ట్ర పక్షి. పంజరంలో పెట్టి డబ్బులకు చూపించేవాళ్ల దగ్గర చూడకండి, పట్టడం నేరం. కరెంటు తీగ మీద కూర్చున్నదే చూడండి, ఎగిరినప్పుడే దాని నీలం కనిపిస్తుంది. ఆ తర్వాత సీతాఫలాలు, ఆపైన బాతులు. ఫిబ్రవరి చివర్లో ఆకు రాల్చిన మోదుగ ఒళ్లంతా నిప్పంటుకున్నట్టు పూస్తుంది. రాళ్ల సందుల్లో కొండగోగు పసుపు పూలు. మోదుగల మీద రోజీ స్టార్లింగుల గుంపులు చేసే గోల వింటే సంతలో ఉన్నట్టుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున తొమ్మిదికల్లా ఇంటికి చేరాలి, కానీ రేల పూలు వేలాడేది ఆ ఎండలోనే.

సామాను ఎక్కువ అక్కర్లేదు. 8x42 బైనాక్యులర్స్ ఒకటి కొనండి. మరీ చవకవి కొంటే పిల్లలకు తలనొప్పి. ఫోన్‌లో మెర్లిన్ అనే ఉచిత యాప్ పిట్ట కూత విని పేరు చెబుతుంది, అప్పుడప్పుడు తప్పు చెబుతుంది, అది కూడా సరదానే. మూసిన బూట్లు వేసుకోండి, పల్లేరు కాయలు చెప్పుల్లోంచి దిగుతాయి. వానాకాలం గడ్డిలో తిరిగొస్తే పిల్లల చెవుల వెనక, మోకాళ్ల వెనక గోమార్లున్నాయేమో చూడండి. రక్తపింజరి ఈ ప్రాంతమంతా ఉంది. ఎండుటాకుల్లో కలిసిపోతుంది, పక్కకు జరగకుండా బుస కొడుతుంది. కనిపించని చోట చేయి, కాలు పెట్టొద్దు, అంతే. పూరీలు కట్టుకెళ్లండి, కవర్లు మాత్రం తిరిగి ఇంటికి తెచ్చుకోండి.

వచ్చే ఆదివారం మాత్రం ఎక్కడికీ దూరం పెట్టుకోకండి. అమీన్‌పూర్‌కే వెళ్లండి. అత్తగారికి ఒక మడతకుర్చీ తీసుకెళ్లి కట్ట మీద నీడలో వేయండి. పాపకు ఒక నోటుబుక్కు ఇచ్చి, పేర్లు తెలియకపోయినా ఫర్వాలేదు, రంగు, ముక్కు, కాళ్లు ఎలా ఉన్నాయో గీయమనండి. ఆ బొమ్మల ఫొటో ఇక్కడ పెడితే అవేమిటో నేను చెబుతాను.